పునుగుల పొట్లం గురించి, ఇంకొన్ని సంగతులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం. పండగ బాగా జరిగిందనుకుంటాను. పిల్లలు అరిసెలూ జంతికలూ సంచుల్లో వేసుకుని మరీ బడికి వస్తున్నారు, స్టాఫ్ రూమ్‌కి కూడా వాటా అందుతోంది, థ్యాంక్సండి.

ఇక అసలు సంగతికి వస్తాను, ఎలాగూ అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. కాలువ గట్టు మీద బండి దగ్గర పునుగులు కట్టిచ్చిన కాగితం మీద మన బడి ముద్ర ఉందని ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. సాయంత్రానికల్లా దాని కింద వరసగా మెసేజీలు. స్కూలు వాళ్ళు లైబ్రరీ పుస్తకాలు తూకానికి అమ్ముకుంటున్నారని ఒకరు, మనం కట్టే ఫీజులు పునుగుల పాలవుతున్నాయని ఇంకొకరు. నాకు ఫోన్ చేసి అడిగినవాళ్ళు మాత్రం ఇద్దరే. వాళ్ళకి ప్రత్యేకంగా నమస్కారాలు.

జరిగింది ఇదీ. లైబ్రరీకి కొత్త పుస్తకం రాగానే మొదటి పేజీ మీద ముద్ర కొట్టి నంబరు వేస్తాం. అట్ట ఊడినా, మొదటి పేజీలు పోయినా పుస్తకం ఎవరిదో తెలియాలి కదా, అందుకని లోపల ఒక పేజీ మీద కూడా ముద్రా నంబరూ పడతాయి, అన్ని పుస్తకాల్లోనూ అదే పేజీ. పెద్ద లైబ్రరీల్లోనూ ఈ పద్ధతి ఉంది. పునుగుల బండికి చేరింది సరిగ్గా ఆ పేజీయే. నూనె మరకల మధ్య నంబరు పట్టుకుని రిజిస్టర్ తీస్తే, ఆ పుస్తకం డిసెంబర్‌లో ఒక పాప ఇంటికి తీసుకెళ్ళింది. పండగకి ఇల్లు దులిపినప్పుడు పాత నోట్సులతో పాటు అదీ పాత పేపర్లవాడి బండెక్కింది. ఎవరో చెప్పను. పాప తప్పేమీ లేదు, వాళ్ళమ్మగారు వచ్చి పుస్తకం ఖరీదు ఇచ్చి వెళ్ళారు, అక్కడితో అయిపోయింది. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో కనిపెట్టే పని దయచేసి ఎవరూ పెట్టుకోవద్దు.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. అదే లెక్కల టెక్స్ట్ బుక్ అయితే ఆ కట్టలోకి వెళ్ళేదా? వెళ్ళదు. కథల పుస్తకం కాబట్టి వెళ్ళింది. మన ఇళ్ళలో "చదువుకోరా" అంటే టెక్స్ట్ బుక్ తియ్యమని. చేతిలో కథల పుస్తకం కనిపిస్తే "ఖాళీగా కూర్చున్నావేం?" అంటాం. పిల్లాడు కళ్ళు తిప్పకుండా నలభై పేజీలు చదువుతున్నా వాడు ఖాళీగా ఉన్నట్టే లెక్క! అదే పిల్లాడు రెండు గంటలు ఫోన్‌లో రీల్స్ తోస్తుంటే ఎవరూ ఏమీ అనరు, గొడవ చెయ్యకుండా ఉన్నాడు కదా అని వదిలేస్తాం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మూడో విడత ఫీజు ఈ నెలాఖరులోగా కట్టాలి, పదో తరగతి వాళ్ళకి ఉదయం స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి, పొద్దున్న మంచు బాగా పడుతోంది కాబట్టి బస్సు పది నిమిషాలు అటూ ఇటూ అయితే డ్రైవర్ మీద అరవకండి, ఆధార్ జిరాక్సులు ఇంకా ఇవ్వనివాళ్ళు ఇచ్చేయండి.

ఇప్పుడు పిల్లల గురించి, ఎందుకంటే వీళ్ళ గురించి ఎవరికైనా చెప్పకపోతే నాకు తోచదు. ఆరో తరగతిలో ఒక బాబు ఉన్నాడు, వాళ్ళ నాన్నగారు రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. శనివారం రాత్రి వీడూ అక్కడికి వెళ్ళి, షెడ్డులో బల్బు కింద కూర్చుని నాన్నకి కథ చదివి వినిపిస్తాడట. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడుకి గట్టిగా చదవాల్సి వస్తుంది కాబట్టి ఇప్పుడు ప్రార్థనలో వాడు వార్తలు చదివితే మైకు అక్కర్లేదు. ఆ నాన్నగారు నాతో చెప్పిన ఫిర్యాదు ఒక్కటే, కథ మంచి పట్టులో ఉండగా వీడు నిద్రపోతున్నాడని. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె తను చదివిన ప్రతి పుస్తకంలోనూ తర్వాత చదివేవాళ్ళ కోసం చీటీ పెడుతుంది. "మొదట్లో బోరు కొడుతుంది, దొంగ దొరికేదాకా ఓపిక పట్టు" అని ఒక దాంట్లో చూశాను. దాని కింద వేరే దస్తూరీలో "నేను పట్టలేకపోయాను" అని ఉంది. ఇంకొకడైతే పుస్తకం తిరిగిస్తూ, ముగింపు బాగాలేదు మేడమ్, రాసినాయన ఎక్కడికో వెళ్ళాల్సి ఉండి తొందరపడ్డాడు అన్నాడు. నేనూ చదివి చూశాను. వాడన్నది నిజమే.

ఈ పిల్లలందరూ ఒకే పుస్తకం కోసం లైన్లో ఉంటారు, అదీ మీరు గమనించాల్సింది. తూకానికి వెళ్ళిన ఆ పుస్తకం కోసం లైబ్రరీ టీచర్ దగ్గర ఇంకా నాలుగు పేర్లు రాసి ఉన్నాయి. మొన్న తిరిగొచ్చిన ఒక అపరాధ పరిశోధన నవలకైతే ఆఖరి రెండు పేజీలూ లేవు, చదివినవాళ్ళు హంతకుడెవరో తెలియక ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని అడుగుతున్నారు.

పుస్తకాలు పంచుకోవడం మనకి కొత్తేమీ కాదండి, మన నేల మీద ఇది ఉద్యమంగా నడిచింది. ఆంధ్ర దేశంలో గ్రంథాలయ ఉద్యమానికి పితామహుడని పేరున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది మన గోదావరి జిల్లా కొంకుదురులోనే. 1914లో బెజవాడలో గ్రంథాలయాలవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి సభ జరిపింది ఆయనే, ఆ సభకి అధ్యక్షులు మన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆయనకి అప్పటికి చూపు లేదు! కళ్ళతో చదవలేని మనిషి ఊరూరా పుస్తకాలుండాలని సభలో కూర్చుంటే, కళ్ళున్న మనం పుస్తకాన్ని అటక మీద పడేస్తున్నాం. 1935లో కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంబడి ఊళ్ళకి పంపారు. మనకీ కాలువలున్నాయి, ఇప్పుడు వాటిలో ఏం తేలుతున్నాయో మీకూ తెలుసు. పైగా మీరు కట్టే ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, గ్రంథాలయ పన్ను అని పన్నులో రూపాయికి 8 పైసలు ఉంటుంది. డబ్బు కడుతున్నారు, శాఖా గ్రంథాలయం బస్టాండ్ వెనకే ఉంది, మనలో లోపలికి అడుగు పెట్టినవాళ్ళెంతమంది? అక్కడికి మధ్యాహ్నం పేపర్ చదవడానికి వచ్చే నలుగురు పెద్దవాళ్ళు తప్ప ఎవరూ రారని అక్కడి ఆయన వాపోయారు. సంతకానికీ డిపాజిట్‌కీ భయపడకండి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి సభ్యత్వం కట్టించండి.

ఇంకో రకం తల్లిదండ్రులున్నారు, వాళ్ళది అతి జాగ్రత్త. పోతే డబ్బు కట్టాలని పుస్తకం రాగానే బీరువాలో పెట్టి తాళం వేస్తారు, గడువు రోజున తీసి కొత్తదానిలా పంపిస్తారు. పిల్ల దాన్ని తెరిస్తే ఒట్టు. అమ్మా, పుస్తకం నలిగితే మేమేమీ అనం. సాంబారు మరక పడినా అనం, కాస్త తుడిచి పంపండి చాలు. పూర్తిగా పోతేనే ఖరీదు, అంతకు మించి ఫైన్ లేదు. పిల్లలు తెచ్చిన నవలలు తల్లులు చదువుతున్నారని కూడా నాకు తెలుసు, చాలా సంతోషం, కాకపోతే మూడు వారాలు ఉంచేసుకుంటే అవతల పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు. మీకు కావాలంటే మీ పేరు మీదే రాసి ఇస్తాం, వచ్చి అడగండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం 3 గంటలకి బడి వరండాలో పుస్తకాల మార్పిడి పెడుతున్నాం. ఇంట్లో చదివేసిన కథల పుస్తకం ఒకటి తెస్తే ఇంకొకటి పట్టుకెళ్ళొచ్చు, ఏమీ తేకపోయినా వచ్చి చూడొచ్చు. అటకల మీద పాత చందమామలు ఉన్నవాళ్ళు తెస్తే కాళ్ళకి దణ్ణం పెడతాను, అవి మార్పిడికి పెట్టం, ఇక్కడే కూర్చుని చదివించి మీవి మీకు ఇచ్చేస్తాం. పాత గైడ్లూ టెస్ట్ పేపర్ కట్టలూ మాత్రం దయచేసి తేకండి, పోయినసారి వచ్చినవే ఇంకా మా స్టోర్ రూమ్‌లో ఉన్నాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు