నీళ్ల గ్లాసులో తుప్పు రంగు చూసి భయపడకండి, పరీక్ష అడగండి

సంపాదకుడి గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మా అపార్టుమెంటుకి వాటర్ ప్యూరిఫయర్లు అమ్మే కుర్రాడొకడు వచ్చాడు. కింది ఫ్లాటులో రెండు గాజు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో తన మెషీన్ నీళ్లు పోశాడు. కడ్డీలున్న చిన్న పరికరం రెండింట్లో ముంచి కరెంటు పెట్టాడు. చూస్తుండగానే కుళాయి నీళ్లు పచ్చబడి, తుప్పు రంగుకి తిరిగి, అడుగున మడ్డి చేరింది. రెండో గ్లాసు తేటగానే ఉంది. "ఇన్నాళ్లూ మీ బాబు తాగింది ఇదేనమ్మా" అన్నాడు. ఏడాదిన్నర పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ ఆ అమ్మాయి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. చిటికెడు ఉప్పు తెప్పించి తేట గ్లాసులో కలిపి, కడ్డీలు మళ్లీ ముంచమన్నాను. ఆ నీళ్లూ తుప్పు రంగుకి తిరిగాయి. ఆ మడ్డి కడ్డీలు కరిగి వచ్చిన ఇనుము. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారి కడ్డీ కరుగుతుంది, లవణాలు తీసేస్తే కరగదు. ఇంతకుమించి అందులో ఏమీ లేదు. అయినా ఈ ఆట చూసి అప్పు చేసి మెషీన్లు కొన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

టీడీఎస్ మీటరుదీ దాదాపు ఇదే కథ. కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంకె చూపిస్తుందే తప్ప, అందులో ఏది ఎంతో చెప్పదు. మన జాతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. దానికి పదింతలున్నా ఆ మీటరులో అంకె కదలదు. మురుగు కలిసినా పట్టుకోలేదు. 2018లో గుంటూరు ఆనందపేటలో ప్రాణాలు తీసింది తాగునీట్లో కలిసిన మురుగే.

దాన్ని పట్టుకునే సాధనం చాలా చవక. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసా అంటారు, మందు పట్టించిన కాగితం ముక్క అందులో ఉంటుంది. గీత వరకు నీళ్లు పోసి మూత బిగించి, ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచితే చాలు. నీళ్లు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాల్సిందే. ఈ పద్ధతిని 1980ల మొదట్లోనే మన దేశంలో తయారుచేశారు. క్లోరిన్ ఉందో లేదో చూడ్డానికి రంగు పోల్చే చిన్న పెట్టె ఉంది. కుళాయి చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ఫ్లోరైడ్‌కి, నైట్రేట్‌కి కూడా ఇలాంటి రంగు పరీక్షలున్నాయి. సీసం, ఆర్సెనిక్‌లకి మాత్రం ల్యాబుకి పంపడమే మేలు.

ఇంకో మాట. జ్వరమొచ్చినా వరదొచ్చినా "కాచి చల్లార్చి తాగండి" అంటాం. సూక్ష్మజీవులకి అది సరైన మందు. ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం కాస్తే పోవు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. మా అమ్మమ్మ కృష్ణ ఎర్రనీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసేది. బురద దిగేది, కరిగినవి కరిగినట్టే ఉండేవి. బోరు నీళ్ల మీద బతికే శివారు కాలనీలవాళ్లు ఇది తెలుసుకోవాలి. ఫ్లోరైడ్‌ని తగ్గించే దారీ మన తెలుగు నేల పేరుతోనే ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కొలత ప్రకారం కలిపి, తేర్చి, పై నీళ్లు వంచుకునే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. కొలత తప్పితే అల్యూమినియం మిగులుతుంది, అందుకే నేర్పించి చేయించాలి. ఆర్సెనిక్‌కి ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం ఇనుము ఆధారంగా తక్కువ ఖర్చు వడపోత పదార్థం తయారుచేసింది.

విద్య ఉంది, వస్తువు ఉంది. లేనిదల్లా మన వీధికి రావడమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఏ బోరు నీళ్లు తాగొచ్చో తెలియక జనం పడ్డ టెన్షన్ ఇంకా మరిచిపోలేదు. ప్రతి వార్డు సచివాలయంలో ఈ సీసాలు, రంగు పెట్టెలు ఉంచాలి. ఇద్దరికి శిక్షణ ఇవ్వాలి. నెలకోసారి కుళాయి చివర, బోరు దగ్గర పరీక్షించి, ఫలితం తేదీతో సహా బోర్డు మీద రాయాలి. గ్రామాల్లో మహిళలకి కిట్లిచ్చి ఈ పని జల్ జీవన్ మిషన్ కింద చేయిస్తున్నారు, నగరానికి ఎందుకు వద్దు?

మీకూ ఒక విన్నపం. సీజనులో ప్రకాశం బ్యారేజీ నీటిమట్టం మీ పత్రికలో వేస్తారు. ఆ పక్కనే వార్డుల వారీగా తాగునీటి పరీక్ష ఫలితాలకి కూడా కాస్త చోటివ్వండి. ఆ కింది ఫ్లాటు అమ్మాయి పొద్దున్నే చూసుకుంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
సత్యనారాయణపురం, విజయవాడ