చదివి మాట్లాడే విమర్శకులు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం కడపలో ఒక కవితా సంపుటి ఆవిష్కరణకు వెళ్లాను. వేదిక మీద తొమ్మిది మంది. ఒక వక్త తన ముందున్న పుస్తకానికి ప్లాస్టిక్ కవరైనా తీయలేదు, ఇరవై నిమిషాలు మాత్రం పొగిడారు. శాలువాలు కప్పడం, ఫోటోలు, భోజనాలు అయిపోయాయి. నేను బయటికి వస్తుంటే ఆ కవి, ఇరవై అయిదేళ్ల కుర్రాడు, పక్కకు పిలిచి, "ఏ కవిత బాగాలేదో ఒక్కరూ చెప్పలేదు సార్" అన్నాడు. మనసు చివుక్కుమంది.

ఇది సాహిత్య విమర్శకుడు రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) పుట్టిన జిల్లా. 1968లో 'సంవేదన' పత్రిక మొదలుపెట్టిన ఆయన, ఎంత పేరున్న రచయితనైనా మొహమాటం లేకుండా విమర్శించారు. ఆయనతో నాకు చాలా చోట్ల పేచీ ఉంది. అయినా ఆయన వ్యాసం చదివిన ప్రతిసారీ అసలు పుస్తకం మళ్లీ తీసి చూడాల్సి వస్తుంది. విమర్శకుడు చేయాల్సిన పని అదే కదా!

వేమన సంగతే చూడండి. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర 1829లో ఆ పద్యాలను అచ్చు వేయించారు. ఆ తర్వాత కూడా వేమన కవే కాదన్న పండితులున్నారు. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు అనంతపురంలో వేమన మీద వరుసగా ఉపన్యాసాలిచ్చారు. జనం నోళ్లలో నానుతున్న పద్యాలను పండితుల ముందు పెట్టి, వాటి వెనకున్న మనిషిని, కాలాన్ని వివరించారు. ఒక మేధావి ఊరికి చేసే మేలు అలా ఉంటుంది.

ఇప్పుడు మన అధ్యాపకులు చాలామంది ప్రమోషన్ కోసం పేపర్లు రాస్తున్నారు, అవి ఊళ్లో ఎవరికీ చేరవు. మొహమాటం కూడా పెద్ద అడ్డంకే. ఈరోజు వీళ్ల పుస్తకం, రేపు మన పుస్తకం!

సభలు జరిపేవాళ్లు వక్తలకు నెల ముందే పుస్తకం పంపాలి. చివర్లో అరగంట ప్రశ్నలకు వదలాలి. మీ పత్రిక కూడా ఆదివారం పేజీలో పుస్తకం అందిందని చెప్పే నాలుగు వాక్యాల 'స్వీకారం'తో సరిపెట్టకుండా, చదివి రాసిన సమీక్షకు అరపేజీ ఇవ్వండి. రాసినవాళ్లకు ఎంతో కొంత పారితోషికం కూడా ఇవ్వండి.

ఆ కుర్రాడి పుస్తకంలో పన్నెండు చోట్ల పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. శనివారం సాయంత్రం ఇంటికి రమ్మన్నాను.

- ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, కడప