క్షిపణుల లెక్కలో కనపడని పెత్తనం

సంపాదకులకు నమస్కారం.

ఒక్క దేశం కాక పలు దేశాలు చక్రం తిప్పే బహుళ ధ్రువ ప్రపంచం వచ్చేసిందని, అమెరికా పని ఇక అయిపోయినట్టేనని పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ ఈ మధ్య తరచూ వింటున్నాం. ఎవరికి ఎన్ని విమాన వాహక నౌకలున్నాయి, ఎవరి జీడీపీ ఎవరిని ఎప్పుడు దాటుతుంది అన్న లెక్కలతోనే ఆ చర్చలు ముగుస్తాయి. ఆ లెక్కలు తప్పని అనను. అయితే అమెరికా మాట ఇవాళ్టికీ ఎందుకు చెల్లుబాటవుతోందో వాటిని చూస్తే బోధపడదు.

ఇరాన్ అణు ఒప్పందం సంగతే చూడండి. 2015లో అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ కలిసి ఇరాన్‌తో కుదుర్చుకున్న ఒప్పందం అది. ఇరాన్ తన అణు కార్యక్రమానికి పరిమితులు పెట్టుకోవాలి, బదులుగా దానిపై ఆంక్షలు సడలించాలి. భద్రతా మండలి 2231వ తీర్మానంతో దాన్ని ఏకగ్రీవంగా బలపరిచింది. 2018 మేలో అమెరికా ఒక్కటే తప్పుకుని, ఇరాన్‌పై తన ఆంక్షలను మళ్లీ తెచ్చింది. ఇరాన్ షరతులు పాటిస్తోందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అప్పటికీ చెబుతూనే ఉంది. మిగతా ఐదు దేశాలూ ఒప్పందానికే కట్టుబడ్డాయి. ఐదుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు. నెగ్గింది ఆ ఒక్కరే.

ఎలా నెగ్గిందన్నదే అసలు విషయం. అమెరికా ఆంక్షలకు లొంగవద్దని యూరోపియన్ యూనియన్ తన కంపెనీలకు చట్టపూర్వకంగానే చెప్పింది. అయినా ఫ్రాన్స్ కంపెనీ టోటాల్, ఇరాన్‌లోని సౌత్ పార్స్ గ్యాస్ ప్రాజెక్టును వదులుకుని వెళ్లిపోయింది. సొంత ప్రభుత్వాల మాట కంటే వాషింగ్టన్ మాటకు కంపెనీలు ఎందుకు భయపడ్డాయో తెలియాలంటే 2014కు వెళ్లాలి. సూడాన్, ఇరాన్, క్యూబాల కోసం డాలర్లలో లావాదేవీలు జరిపినందుకు ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా బ్యాంకు ఆ ఏడాది అమెరికాకు దాదాపు 890 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. బ్యాంకుది పారిస్ అయితేనేం, డాలరు మాత్రం న్యూయార్క్ బ్యాంకింగ్ వ్యవస్థ గుండా వెళ్లింది. అమెరికా చట్టం పట్టుకోవడానికి అది చాలు.

బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ ఊరుకోలేదు. డాలరు ప్రమేయం లేకుండా ఇరాన్‌తో వ్యాపారం చేసేందుకు 2019 జనవరిలో ఇన్‌స్టెక్స్ అనే సంస్థను పెట్టాయి. 2023లో మూసేసేనాటికి దాని ద్వారా పూర్తయిన లావాదేవీ ఒకే ఒక్కటి. అదీ వైద్య సామగ్రికి సంబంధించింది. ప్రపంచంలోనే పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో మూడు కలిసి చేయగలిగింది అంతే! ఇరాన్ చమురు కొంటున్న దేశాల్లో భారత్, చైనా, జపాన్ సహా ఎనిమిదింటికి అమెరికా కొన్నాళ్లు మినహాయింపు ఇచ్చి, 2019 మేలో దాన్నీ ఎత్తేసింది. తమ డబ్బుతో, తమకు నచ్చిన చోట చమురు కొనుక్కోవడానికి మూడో దేశం అనుమతి ఎందుకని గట్టిగా అడిగినవారు కొద్దిమందే.

రష్యా, చైనా మాత్రం తక్కువ తిన్నాయా అని ఎవరైనా అడగవచ్చు. లేదు. దక్షిణ చైనా సముద్రంపై 2016లో వచ్చిన మధ్యవర్తిత్వ తీర్పును బీజింగ్ చెల్లదంది. ఉక్రెయిన్‌లో సైనిక చర్య ఆపాలన్న అంతర్జాతీయ న్యాయస్థానం ఆదేశాన్ని 2022లో మాస్కో ఖాతరు చేయలేదు. కానీ నియమం ఉల్లంఘించడం వేరు, సంబంధం లేని మూడోవాడి చేతులు కట్టేయడం వేరు. ఆ రెండోది ఇంత విస్తృతంగా చేయగలిగేది ఇప్పటికి అమెరికా ఒక్కటే.

ఇంకో రకం పెత్తనం అసలు వార్తల్లోకే రాదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో, దేశాల మధ్య వాణిజ్య వివాదాలపై వచ్చే అప్పీళ్లు వినడానికి ఏడుగురు సభ్యులుండాలి. ఒక్కో కేసుకు కనీసం ముగ్గురు కావాలి. పదవీకాలం ముగిసినవారి స్థానంలో కొత్తవారి నియామకానికి అమెరికా ఒప్పుకోకపోవడంతో 2019 డిసెంబరు నుంచి ఆ వ్యవస్థ స్తంభించింది. ఓడిన దేశం అప్పీలు చేస్తే చాలు, వినేవారు లేక కేసు అక్కడే ఆగిపోతుంది. ఈ అడ్డుకోవడం ఒబామా హయాంలో మొదలై, ట్రంప్ కాలంలో ముదిరి, బైడెన్ వచ్చినా ఆగలేదు. అంతర్జాతీయ ద్రవ్య నిధిలో కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా చేతిలో సుమారు 16.5 శాతం ఉన్నాయి. లెక్క మీరే వేసుకోండి. 2010లో సభ్య దేశాలు ఒప్పుకున్న కోటా (నిధిలో ఏ దేశానికి ఎంత వాటా అన్న) సంస్కరణలు అమెరికా కాంగ్రెస్ తలూపేదాకా, అంటే 2015 డిసెంబరు దాకా, అటకెక్కాయి.

ఈ పెత్తనం వల్ల మేలేమీ జరగలేదంటే అన్యాయమే అవుతుంది. 2003లో బుష్ ప్రభుత్వం మొదలుపెట్టిన ఎయిడ్స్ సహాయ కార్యక్రమం ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలిపింది. అదే అమెరికా 2025 జనవరిలో విదేశీ సాయాన్ని ఒక్కసారిగా నిలిపేసినప్పుడు ఎన్నో క్లినిక్‌లు దిక్కుతోచని స్థితిలో పడ్డాయి. దయ అయినా ఒక్కరి చేతిలోనే ఉంటే ఇబ్బందే.

మార్పు మొదలు కాలేదని కాదు. 2022లో రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన దాదాపు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను పశ్చిమ దేశాలు స్తంభింపజేశాక, మిగతా దేశాలు జాగ్రత్తపడుతున్నాయి. 2022 నుంచి 2024 వరకు కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. అయినా ప్రపంచ విదేశీ మారక నిల్వల్లో సగానికి పైగా ఇప్పటికీ డాలర్లలోనే ఉన్నాయి. అగ్రరాజ్యం కూలిపోయిందని సంబరపడేవారు ఈ ఒక్క అంకె దగ్గర కాస్త ఆగాలి.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. శిఖరాగ్ర సమావేశాల ఫోటోలకు ఇచ్చే చోటులో కొంత ఈ నియామకాలకు, కోటాలకు, చెల్లింపుల వ్యవస్థలకు ఇవ్వండి. స్తంభించిన అప్పీళ్ల వ్యవస్థకు బదులుగా యూరోపియన్ యూనియన్, చైనా, మరికొన్ని దేశాలు 2020లో తాత్కాలిక ఏర్పాటు చేసుకున్నాయి. భారత్ అందులో ఎందుకు చేరలేదో వాణిజ్య మంత్రిని అడిగి, ఆయన జవాబు యథాతథంగా అచ్చువేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు