యాభై దాటినా పరుగెత్తొచ్చు

సంపాదకులకు నమస్కారం,

యాభై దాటాక పరుగేంటి, మోకాళ్లు అరిగిపోతాయి అంటారు మా తిరుపతిలో చాలామంది, కానీ అదే వయసువాళ్లు అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు పోతారు కదా! పంజాబ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఫౌజా సింగ్ తన మొదటి మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, 2000లో లండన్‌లో పరుగెత్తారు, అప్పటికి ఆయన వయసు 89 అని చెబుతారు.

కుర్రాళ్లతో పోటీ మాత్రం వద్దు. ఆయాసం కొన్ని వారాల్లో తగ్గుతుంది గానీ ఎముకలు, కీళ్లు అలవాటు పడడానికి నెలలు పడుతుంది, అందుకే మొదట్లో కాసేపు నడక, కాసేపు పరుగు చాలు. బీపీ, షుగర్ ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి.

మన ఎండలకు తెల్లవారకముందే పరుగెత్తాలి, ఆ చీకట్లో కుక్కల భయంతో ఆడవాళ్లు బయటికి రావట్లేదు. అధికారులు కాలేజీ మైదానాలు ఐదింటికే తెరిపించి లైట్లు వేయించాలి.

– ఒక పాఠకురాలు, తిరుపతి