వేగుచుక్క, సందెచుక్క, నీ ఎంఏ

బిడ్డా,

ఆదివారం ఫోన్‌లో నువ్వు "నాయినా, ఈ ఫిలాసఫీ ఇడిసిపెట్టి ఎంబీఏకు పోనా, అందరూ దీంతోని ఏం నౌకరీ వస్తదని అడుగుతున్నరు" అన్నప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. దుకాణం ముందు ఎరువుల లారీ ఆగి ఉంది, హమాలీలు ఎదురుచూస్తున్నారు. అప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది.

నేను ఉస్మానియాలో ఎంఏ ఫిలాసఫీ చేసి ముప్పై ఏళ్లు దాటింది. నల్లగొండ వచ్చి దుకాణంలో కూర్చున్నాక చాలా మర్చిపోయా గానీ భాష గురించి చదివింది మాత్రం నన్ను వదల్లేదు, పొద్దంతా నేను వినేది మాటలే కదా.

జర్మన్ తత్వవేత్త ఫ్రేగె 1892లో రాసిన వ్యాసం మీకు చెప్పే ఉంటారు. వేగుచుక్క, సందెచుక్క రెండూ శుక్రుడే. మరి "వేగుచుక్క అంటే వేగుచుక్కే" అంటే కొత్తగా ఏమీ తెలియదు, "వేగుచుక్కే సందెచుక్క" అంటే మాత్రం తెలుస్తుంది, ఎందుకు? నేను చదువుకునే రోజుల్లో సెలవులకు ఊరికొచ్చి వాకిట్లో మంచం మీద పడుకుని ఇది మీ నాయనమ్మకు చెప్పా. ఆమె కొంచెం సేపు ఆగి, "గదెట్ల బిడ్డా, ఒకటి మనల్ని లేపుతది, ఇంకోటి ఇంటికి తోలుతది" అన్నది. వస్తువు ఒకటే అయినా అది మనకు కనబడే తీరు వేరని ఫ్రేగె అన్నది నాకు ఆ రాత్రే అర్థమైంది.

ఊళ్లో ఎకరం పొలానికి బయానా ఇచ్చిన సంగతి నీకు తెలుసు. పదిమంది ముందు నా చేతిలో చెయ్యేసి "ఇచ్చిన, ఇగ నీదే" అన్న మనిషి నెల తిరక్కుండా ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేశాడు. అడిగితే "ఉత్తగ అన్న, మనసుల లేకుండె" అన్నాడు. నాకు ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త ఆస్టిన్ గుర్తొచ్చాడు. 1955లో హార్వర్డ్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు, ఆయన పోయాక 1962లో పుస్తకమయ్యాయి. మాట ఇవ్వడమంటే లోపలున్నది బయటికి చెప్పడం కాదు, ఆ అనడమే ఒక పని. మనసులో లేకున్నా ఇచ్చినట్టే. బయానా తిరిగొచ్చింది, పొలం రాలేదు. అయినా జరిగిన తప్పేమిటో ఆ రోజు అందరి ముందు తడబడకుండా చెప్పగలిగా.

నౌకరీ టెన్షన్ నిజమే. లెక్చరర్ కావాలంటే నెట్ పరీక్ష రాయాలి, పీహెచ్‌డీ చేయాలి, అప్పటికీ గ్యారంటీ లేదు. నీకే ఆ చదువు మీద మనసు విరిగితే ఎంబీఏకు పో, ఫీజు నేను కడతా. అందరూ అడుగుతున్నారని మాత్రం మానెయ్యకు.

పోయిన నెల బస్టాండ్‌లో "వస్త నాయినా" అని బస్సెక్కినవు. పోతూ వస్త అంటాం. మీ అమ్మ బియ్యం అయిపోతే నిండుకున్నయి అంటది. మాటను వాడే తీరులోనే దాని అర్థం ఉందని తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ అన్నాడు, సరే, కానీ లేదన్న మాట నోట రావద్దన్న ఆ భయం కూడా అర్థంలో భాగమేనా? నేనింకా తేల్చుకోలేదు. మన పాతకాలపు సంస్కృత వ్యాకరణ పండితుడు భర్తృహరి అయితే అసలు వాక్యమే ముందు, పదాలు మనం విడదీసుకున్నవే అంటాడు. ఆయన గురించి మీకు చెప్తున్నారా?

దసరాకు వచ్చేటప్పుడు నీ క్లాసు నోట్సు పట్టుకురా. డాబా మీద చాప వేసి పెడతా.

నీ నాయిన