మన ఊరి మీద వాన పోయింది రా శీనా

పుణె,
శనివారం రాత్రి

రేయ్ శీనా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో, కానీ ఇదంతా చదివాక తిట్టుకో. అమ్మ బాగుంది. చెల్లి సంబంధం ఇంకా తేలలేదు. నా దగ్గు తగ్గింది. ఇంటి సంగతులు అంతే. నీకు ఒకటి చెప్పాలి, పది రోజులుగా చెప్పలేక కడుపు ఉబ్బిపోతోంది. ఫోనులో అయితే నువ్వు మధ్యలో "సరే గానీ" అంటావు, అందుకే రాస్తున్నా.

మన ఊరి మీద వాన మాయమైపోయింది. నిజం వాన కాదులే, నా కంప్యూటర్లో వాన.

మొదటినుంచీ చెబుతా. భూమి మొత్తం వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కకట్టే ఒక పాత గ్లోబల్ మోడల్లో దక్షిణాది వానలు ఎలా కురుస్తున్నాయో చూడమని మా గైడు మేడమ్ పని ఇచ్చారు. ఈ మోడళ్ళు భూమిని మన లెక్కల నోటుబుక్కులా గళ్ళుగా కోస్తాయి. ఒక్కో గడికి ఒకటే గాలి, ఒకటే తేమ, ఒకటే ఎత్తు, ఒకటే వాన. ఆ మోడల్లో గడి దాదాపు 200 కిలోమీటర్లు. అంటే కళ్యాణదుర్గం, ధర్మవరం, అటు పావగడ, చిత్రదుర్గం అన్నీ ఒకే గడిలో పడిపోయాయి. ఇంకా వింత విను. ఏడాదికి 7000 మిల్లీమీటర్లు దాటి కురిసే ఆగుంబె మనకు సూటిగా 250 కిలోమీటర్లే. మన జిల్లాకు పడేది 550 చిల్లర. ఆ రెండూ ఈ మోడల్లో పక్కపక్క గళ్ళు!

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన మ్యాపు గీశాను. మన గడి పచ్చగా వచ్చింది రా. మనకు పడేదానికి దాదాపు రెట్టింపు. పడమటి తీరంలో మాత్రం ఉండాల్సిందాంట్లో సగం కూడా లేదు. తప్పని చూడగానే తెలుసు. అయినా ఆ పచ్చ మీద వేలు పెట్టి మన చెరువు ఎక్కడుంటుందా అని వెతికాను. నాన్న శెనక్కాయ విత్తనాలు మూటగట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చున్న ఆ ఏడాది నీకు గుర్తుంది కదా. ఆ ఏడాదికి ఈ వాన పడి ఉంటే... సరే, అది వదిలేయ్.

ఎందుకలా వచ్చిందంటే, కొండ లేదు. అరేబియా సముద్రం నుంచి తేమ గాలి వస్తుంది, పడమటి కనుమలు అడ్డుపడతాయి, గాలి పైకెక్కి చల్లబడి అక్కడే కుమ్మరించేస్తుంది. ఇవతలికి దిగేటప్పుడు వేడెక్కి, పొడిబారి మన దగ్గరికొస్తుంది. మన కరువంతా ఆ కొండ నీడే. కానీ 200 కిలోమీటర్ల గడిలో సముద్రమూ, తీరమూ, కొండా, పీఠభూమీ అన్నీ కలిపి సగటు తీస్తే కొండ ఎక్కడ మిగులుతుంది? 1900 మీటర్లకు దగ్గరగా ఉండే కుద్రేముఖ్ కూడా అందులో కరిగిపోయి, తీరం నుంచి మన దాకా ఒక ఏటవాలు రోడ్డులా తయారవుతుంది. గాలి దానిమీద తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, దార్లో చల్లాల్సిన వాన మన మీద చల్లింది.

అందుకని మేడమ్ ఆ గ్లోబల్ మోడల్ గాలులనే అంచుల నుంచి ఇచ్చి, లోపల ప్రాంతీయ మోడల్ని నడపమన్నారు. ముందు 50 కిలోమీటర్ల గళ్ళు, దాని లోపల దక్షిణాదికి మాత్రం 12. ఎందుకు అన్నింటికీ 12 పెట్టరు అని నువ్వు అడుగుతావని తెలుసు. గడిని సగం చేస్తే పొడవునా రెండింతలు, అడ్డంగా రెండింతలు, పైగా ఎన్ని నిమిషాలకోసారి లెక్క కట్టాలో ఆ వ్యవధి కూడా సగం చెయ్యాలి. మొత్తం ఎనిమిదింతల పని. 200 నుంచి 12 దాకా వస్తే దాదాపు 4600 రెట్లు! అందుకే కావలసిన చోటే సన్నం చేస్తాం.

పోయిన మంగళవారం రాత్రి మూడింటికి రన్ అయిపోయింది. ముందు ఎత్తుల ఫైలు తెరిచాను. కనుమలు గోడలా లేచి నిలబడ్డాయి రా! ఒళ్ళు జలదరించింది. తర్వాత వాన. తీరం వెంబడి ముదురు నీలం పట్టీ, కొండ ఎక్కగానే ఇంకా ముదురు, దాటగానే ఉన్నట్టుండి వెలిసిపోయిన రంగు. ఆ వెలిసిన రంగు నడిబొడ్డున మన జిల్లా. ఉండాల్సినట్టే ఉంది. నేను రాసిన కోడ్ పనిచేసింది. లేచి కారిడార్లో రెండుసార్లు అటూ ఇటూ నడిచి వచ్చి, మళ్ళీ కూర్చుని ఏడ్చాను. సంతోషమో ఇంకేమో నాకు ఇప్పటికీ తెలీదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పొద్దున అమ్మ ఫోను. "మీ మిషన్‌లో మన పక్క వానుందా?" అంది. లేదమ్మా అన్నాను. "అయితే మంచి మిషనే" అంది.

అన్నీ కుదిరాయనుకోకు. కొండ మీద మోడల్ వాన మరీ ఎక్కువగా ఉంది. నిజంగా ఎక్కువా కాదా చెప్పడానికి ఆ అడవుల్లో వాన కొలిచే పరికరాలు తక్కువ. అంచుల నుంచి ఇచ్చిన గాలులే తప్పైతే గడి ఎంత సన్నమైనా లాభం లేదు. ఇంకోటి, మన వాన వేళ. మన దగ్గర మధ్యాహ్నం మబ్బు ముసిరి, సాయంత్రమో రాత్రో ఉరిమి పడుతుంది కదా. నా మోడల్లో మిట్టమధ్యాహ్నం పన్నెండుకే పడుతోంది! గడి కన్నా మేఘం చిన్నది, మోడల్‌కి అది కనపడదు. నేల వేడెక్కింది, తేమ ఉంది, కాబట్టి పడి ఉంటుందిలే అని ఒక అంచనా సూత్రం వానని తొందరపెట్టేస్తుంది. మూడు కిలోమీటర్లకు దిగితే ఆ సూత్రం తీసేయొచ్చు. కానీ ఇంకో 64 రెట్లు. అంత మిషన్ టైము నాకెవరిస్తారు?

నువ్వడిగిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వేరు. 2025 మేలో మొదలుపెట్టారు, గడి 6 కిలోమీటర్లు. అది రాబోయే రోజుల వాతావరణం చెప్పడానికి. నాది ముప్పై నలభై ఏళ్ళ సంగతి.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. మొన్న ఒక మీటింగులో ఒకాయన 200 కిలోమీటర్ల గళ్ళ మ్యాపు చూపించి, ముందు ముందు మన జిల్లాలో వాన పెరుగుతుంది, ఏ పంట వెయ్యాలో ఇప్పుడే ఆలోచించండి అన్నాడు. కొండే లేని మ్యాపు పట్టుకుని! నేను లేచి అడిగాను, గొంతు వణికింది, అయినా అడిగాను. ఆయన టైము లేదన్నాడు. ఆ మ్యాపు నమ్మి మీ చిన్నాన్న లాంటివాళ్ళు అప్పు చేసి

సరే, అది ఇంకోసారి. అసలు పని చెబుతా. ఎనిమిదో క్లాసులో బడి మిద్దె మీద పాలపొడి డబ్బా పెట్టి వాన కొలిచిన నోటుబుక్కు నీ దగ్గరే ఉంది కదా? నువ్వు వాన మొదలైన టైము కూడా రాసేవాడివి, "రాత్రి ఏడున్నర, గాలి, గొడుగు పోయింది" అని. ఆ గొడుగు ఎవరిదో నేనింకా ఎవరికీ చెప్పలేదు, ఒట్టు. ఆ టైములు నాకు కావాలి రా. ప్రతి పేజీ ఫోటో తీసి పంపు, తడిసి చెరిగినవి కూడా. డబ్బా అడ్డకొలత కూడా రాయి, మూత దగ్గరదీ, అడుగుదీ రెండూ

ల్యాబ్ నుంచి ఫోను, రన్ ఆగిపోయిందట. వెళ్ళాలి. నోటుబుక్కు మర్చిపోవద్దు.

నీ
బుజ్జి