పక్క మంచం పెద్దావిడకి

నిన్న సాయంత్రం డిశ్చార్జ్ అయ్యాను. కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయి, పడుకునే టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి. మా ఆయన, అమ్మ, తమ్ముడు... ఇంట్లోవాళ్ళు, మీకు థాంక్స్ వేరే చెప్పాలా. ఈ పోస్టు నా పక్క మంచం మీదున్న పెద్దావిడ కోసం. పేరు కూడా అడగలేదు. ఇంటికొచ్చినప్పటి నుంచీ అదే మనసులో పీకుతోంది.

కరోనా అంటే దగ్గు, జ్వరం, ఆయాసం అనుకునేదాన్ని. నాకు ఒక్క దగ్గు రాలేదు. రెండు రోజులు వికారం, తిండి చూస్తేనే వెగటు. మూడో రోజు నుంచి వాంతులు, నీళ్ళ విరేచనాలు. మొదట చూపించుకున్న చోట "ఏదో పడలేదు" అని యాంటీబయాటిక్ రాసి పంపేశారు. వైరస్ మీద అది పనిచేయదు సరికదా, కొందరికి దానివల్లే విరేచనాలు పట్టుకుంటాయట. మళ్ళీ వెళ్ళి టెస్టు చేయమని నేనే అడిగాను. ఫారంలో జ్వరానికి, దగ్గుకి, ఆయాసానికి గళ్ళున్నాయి. విరేచనాలకి లేదు. "మీకు లక్షణాల్లేవమ్మా" అన్నారు. ఆ మాట అనేసరికి ఆ రోజుకి పదకొండుసార్లు వెళ్ళొచ్చి ఉన్నాను! ఐదో రోజు సబ్బు వాసన తెలియకుండా పోతే గానీ టెస్టు చేయలేదు.

చేర్చుకునేసరికి పొటాషియం బాగా పడిపోయింది. కాళ్ళు నావి కానట్టున్నాయి. ఆ రాత్రి సెలైన్ పెట్టిన చోట చెయ్యి వాచిపోతే తీసేసి, పొద్దున్న వేరే చేతికి పెడతాం, అందాకా ఓఆర్ఎస్ తాగుతూ ఉండమన్నారు. దాహం ఆగక గ్లాసెడు ఒక్క గుక్కలో తాగేశాను. అంతా బయటికొచ్చేసింది.

అప్పుడు మాట్లాడింది ఆవిడ. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, రెండు మాటలకోసారి ఆగాలి. "గడగడా తాగకు తల్లీ. పది నిమిషాలాగు. తర్వాత... చెంచా చెంచాగా." తన చెంచా కడిగి ఇచ్చింది. ఎదురుగా గోడ గడియారం. రెండు నిమిషాలవగానే "ఊఁ" అనేది, నేనో చెంచా మింగేదాన్ని. నాకు కునుకు పడితే మంచం చువ్వ మీద వేలితో కొట్టేది. ఊఁ. ఇంకోటి. ఊపిరి కోసం తనే తంటాలు పడుతున్న మనిషి, ఎవరో తెలియని నాకోసం తెల్లవార్లూ లెక్కపెట్టింది. తెల్లారేసరికి జగ్గు సగానికి పైగా అయిపోయింది, ఒక్క వాంతి లేదు.

మధ్యలో ఒకటి జరిగింది. రాయాలా వద్దా అనుకున్నాను, రాస్తాను. మూడింటప్పుడు లేచేలోపే పక్క పాడైపోయింది. ఈ వయసులో. దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నాను. ఆవిడ లేచి, గొట్టం సాగినంత దూరం వచ్చి, తన గ్లాసులో నీళ్ళు నా పక్క మీద ఒంపేసింది. ఆయాని పిలిచి, "నా చేతిలోంచి జారిందమ్మా, పిల్ల పక్కంతా తడిసిపోయింది" అంది. నా వైపు చూడనైనా చూడలేదు, వెళ్ళి పడుకుంది.

పొద్దున్న చిన్న డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. ఈ వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే ఏసీఈ2 అనే ప్రోటీను ఊపిరితిత్తుల్లో కంటే చిన్నపేగు లోపలి పొరలోనే ఎక్కువట. 2020 జనవరిలో అమెరికాలో గుర్తించిన మొట్టమొదటి రోగికే వికారం, వాంతులున్నాయి, మలంలోనూ వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. అప్పటి సంగతి ఆ ఫారం దాకా ఎప్పుడొస్తుందో! పేగు దెబ్బతిన్నా గ్లూకోజు, ఉప్పు జతగా లోపలికెళ్ళే దారి పనిచేస్తూనే ఉంటుందట, వాటి వెనకే నీళ్ళూ వెళ్తాయి. అందుకే లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు. నాకు తగ్గిన పొటాషియం కోసం 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు కూడా ఉంది అందులో. లివర్ ఎంజైములు కొంచెం పెరిగాయి, మళ్ళీ చూపించుకోవాలి. ముక్కు టెస్టు నెగటివ్ వచ్చాక కూడా కొన్నాళ్ళు మలంలో ఆనవాళ్ళు ఉండొచ్చు, సబ్బుతో చేతులు కడుక్కోమన్నారు. అంత జాగ్రత్తలు చెప్పే వార్డు బాత్రూములో సబ్బు మాత్రం లేదు. మూడు రోజులు అడిగాం.

నన్ను స్కానింగుకి తీసుకెళ్ళి తెచ్చేలోపు ఆవిడని వేరే వార్డుకి మార్చేశారు. కోలుకుంటున్నారని నర్సు చెప్పింది, అంతకంటే చెప్పకూడదంది. చెంచా నా సంచిలో వచ్చేసింది. పిడి దగ్గర కొద్దిగా వంగి ఉంటుంది. ఆవిడ ఇంట్లోవాళ్ళెవరైనా ఇది చూసి గుర్తుపడితే ఒక్క మాట చెప్పండి, నేనే వచ్చి ఇస్తాను.

అయ్యో, మర్చిపోయాను. పిల్లల్ని వారం రోజులు చూసుకున్న ఎదురింటి అక్కకి, రక్తం తీసేటప్పుడు నరం దొరక్క నాకంటే ఎక్కువ కంగారుపడ్డ ల్యాబ్ అబ్బాయికి థాంక్స్. ఆ రాత్రి దుప్పటి మార్చిన ఆయాగారికి కూడా. అవి ఒట్టి నీళ్ళు కావని మీకూ తెలుసు కదా. ఏమీ అనలేదు మీరు.